సీతారావమ్మ గారి మూడో కొమ్మ

కోటేశ్వరమ్మ హోటలు వెనక గదిలో లక్ష్మయ్య రెండేళ్లుగా మంచం మీద ఉన్నాడు. మిల్లులో బస్తా మోస్తూ పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. గదికి పైన రేకులు. రేకుల మీదుగా నిద్రగన్నేరు కొమ్మ. ఆ కొమ్మ మొదలు దగ్గర చీలింది. ఇదీ సంగతి. మిగతాదంతా దాన్ని నరకడానికి పట్టిన నలభై రోజుల గొడవ.

మా ఊరు తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలో ఉంది. రైలు ఒక్క నిమిషం ఆగుతుంది. చాలాకాలం పంచాయతీగానే ఉండి ఈమధ్యే నగర పంచాయతీ అయింది. రోడ్లు అవే, కాలవలు అవే. నియమాలు మాత్రం కొత్తవి వచ్చాయి.

నేను చెట్లెక్కి కొమ్మలు కొడతాను. మా నాన్నదీ అదే పని. బక్రీదుకు ముందు నెల రోజులు మాకు సీజను. మేకపోతును కొని ఇంటి ముందు కట్టేసుకున్న ప్రతివాళ్లకీ రోజూ ఆకు కావాలి. రావి, సుబాబుల్, అవిశ, ఏది అందితే అది కొట్టి వేసేవాళ్లం. ఆకు మేకకి, కట్టె పొయ్యికి. ఆ విధంగా ఊళ్లో చెట్లు ఏడాదికొకసారి క్షవరం చేయించుకునేవి. కరెంటు తీగలకి అడ్డం ఉండేవి కాదు. ఎవరూ ఎవరికీ అర్జీ పెట్టేవాళ్లు కాదు.

కొత్త నియమాలు చిన్న పుస్తకంగా అచ్చేశారు. మణికట్టు కంటే లావున్న కొమ్మ కొట్టాలంటే అర్జీ. గూడు ఉంటే ఇంకో అర్జీ. కొట్టేవాడికి ఫొటో అంటించిన కార్డు. నాకూ ఇచ్చారు. ఇచ్చిన వారానికే అర్జీ లేకుండా మసీదు ముందు రావికొమ్మ కొట్టానని నా కత్తి పట్టుకుపోయారు. మూడు నెలలు వాళ్ల బీరువాలో ఉంది. ఇచ్చేటప్పుడు, ఈసారి అయితే కార్డు కూడా పోతుందని చెప్పారు. అప్పట్నుంచీ కాగితం చూడందే చెట్టు ఎక్కడం లేదు.

ఇవి చాలవన్నట్టు స్మృతివృక్షాలొకటి. పోయినవాళ్ల పేరు మీద విరాళం కడితే ఒక మొక్క నాటి, చుట్టూ ఇనప కంచె పెట్టి, పేరు రాసిన పలక తగిలిస్తారు. నలభై కుటుంబాలు కట్టాయి. నలభై మొక్కలు నాటారు. ఫొటోలు దిగారు. కంచె కమ్మీల మధ్య సందు సరిగ్గా మేక మూతి పట్టేంత ఉంది. బక్రీదు నాటికి ముప్పై ఏడు మొక్కలు మేకలు తిన్నాయి. మిగతా మూడు ఎండకి పోయాయి. పలకలు ఒక్కటి కూడా చెక్కుచెదరలేదు.

సంవత్సరీకానికి పూలదండ పట్టుకొచ్చిన వాళ్లు ఖాళీ కంచెకి దండ వేయాలో వద్దో తెలియక ఆఫీసు మీదికి వెళ్లారు. ఆఫీసువాళ్లు ఆలోచించి, మళ్లీ మొక్కలు నాటడం కంటే పలకలు తీసుకెళ్లి ఊళ్లో పెరిగిన చెట్లకి కొట్టేస్తే సులువని తేల్చారు. వారం రోజుల్లో బజారులో చెట్లన్నీ ఎవరో ఒకరి అమ్మో నాన్నో అయిపోయాయి.

హోటలు పక్క నిద్రగన్నేరు సీతారావమ్మ గారు అయింది. ఆవిడ మా ఊరావిడే. ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకృష్ణకి తెనాలిలో స్టీలు సామాను కొట్టు. రెండోవాడు భావనారాయణ బాపట్లలో లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. మూడోవాడు శివది రేపల్లెలో తవుడు వ్యాపారం. మా అమ్మకి చిన్న చెట్టు ఇస్తే ఊరుకోనని జయకృష్ణ గట్టిగా అన్నాడట. అందుకని ఊళ్లోకెల్లా పెద్దది ఇచ్చారు. ఆవిడ బతికున్న రోజుల్లో ఆ చెట్టు ఆకు తన వాకిట్లో పడుతోందని, దాన్ని మొదలంటా కొట్టించమని రెండుసార్లు పంచాయతీకి అర్జీ పెట్టింది. ఆ అర్జీలు ఎవరికీ గుర్తు లేవు.

జ్యేష్ఠమాసం మొదట్లో కోటేశ్వరమ్మ మా ఇంటికి వచ్చింది. రాత్రుళ్లు కొమ్మ కిర్రుమంటోందని, ఒకసారి చూడమని అడిగింది. చూడటానికి కాగితం అక్కర్లేదు కదా అని ఎక్కాను. కొమ్మ మనిషి నడుమంత లావు. మొదట్లో రెండు జానల చీలిక. లోపల గుల్ల. గుప్పిట పెడితే మోచేతి దాకా పోయింది. చీమలు చేతికి పాకాయి. దిగి వచ్చి గాలి గట్టిగా కొడితే పడుద్దని చెప్పాను.

"ఎప్పుడు పడుద్ది అన్నయ్యా?" అంది.

"గాలినడగాలి చెల్లెమ్మా."

లక్ష్మయ్యని వేరే చోటికి మారుద్దామని ఆమె అప్పటికే చూసింది. అద్దెకి మూడిళ్లు అడిగింది. మంచాన పడ్డ మనిషికి మా వైపు ఇల్లు అద్దెకివ్వరు. ఇంట్లో పోతే, నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. మూడిళ్లవాళ్లూ లక్ష్మయ్య ఎలా ఉన్నాడని ప్రేమగా అడిగి, ఎంత కాలం ఉంటాడని కూడా అడిగి, ఇల్లు లేదన్నారు. పిట్టలవానిపాలెంలో ఆమె అన్న ఉన్నాడు. తీసుకురమ్మన్నాడు గానీ, హోటలు కట్టేసి అక్కడికెళ్తే తినేదేంటి? లక్ష్మయ్య కూడా కదలనన్నాడు.

ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం. అక్కడ చెట్ల వ్యవహారం చూసేది ప్రణీత్ అనే కుర్ర ఉద్యోగి. మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. అంతా విన్నాడు. పుస్తకం తీశాడు. మామూలు చెట్టయితే తనే రాసిచ్చేవాడట. ఇది స్మృతివృక్షం. దీని మీద కత్తి పెట్టాలంటే హక్కు గల వారసులందరూ సంతకం చెయ్యాలి. ఎండు కొమ్మయినా, చీలిన కొమ్మయినా అంతే.

ఈ చెట్టు ఆవిడ పుట్టకముందు నుంచీ ఉందని నేనన్నాను. ప్రణీత్ పుస్తకం ఇంకోసారి చూసి, దాని గురించి ఇందులో ఏమీ లేదన్నాడు.

ఫారం పట్టుకుని తెనాలి వెళ్లాం. జయకృష్ణ కొట్లో బిందెల మధ్య కూర్చోబెట్టి కూల్‌డ్రింకు తెప్పించాడు. మా అమ్మ చెట్టు అని రెండు మూడుసార్లు అని కళ్లు తుడుచుకున్నాడు. మనిషి ప్రాణం కంటే కొమ్మ ఎక్కువా అన్నాడు. కోటేశ్వరమ్మ దణ్ణం పెట్టింది. అతను పెన్ను తీసి, సంతకం పెట్టబోయే ముందు ఫారం చదివాడు. హక్కు గల వారసులందరూ అన్న దగ్గర ఆగాడు.

"హక్కు ఉందంటే వాటా ఉంటుంది కదా సాయిబూ," అన్నాడు.

పెన్ను జేబులో పెట్టుకున్నాడు. వాటాలు తేలకుండా తను సంతకం పెడితే రేపు తమ్ముళ్ల చేత మాట పడాల్సొస్తుందని, ఏ కొమ్మ ఎవరిదో ముందు తేలాలని చెప్పాడు. చెట్టుకి వాటాలేంటని నేను అడగలేదు. అడిగితే కింద నేల సంగతి కూడా వస్తుందని భయం.

ముగ్గురికీ కుదిరేసరికి నెల దాటింది. ఒక ఆదివారం వచ్చారు. ఇల్లు, పొలం పంచుకున్నప్పుడు మాట్లాడుకున్నదే ఆఖరట, మళ్లీ ఆ చెట్టు కిందే పలకరించుకున్నారు. వెంట కర్లపాలెం నుంచి పెద్దమనిషి ఒకాయన్ని తెచ్చుకున్నారు. ఇంటి పంపకాలు చేసింది ఆయనే. కోటేశ్వరమ్మ హోటల్లో ఇడ్లీ తిన్నారు. తర్వాత సున్నం డబ్బా నా చేతికిచ్చి ఎక్కమన్నారు. సున్నం పూయడం నరకడం కాదని ప్రణీత్ ఫోన్లో చెప్పాక ఎక్కాను.

చెట్టుకి పెద్ద కొమ్మలు మూడు. అంతవరకూ దేవుడు వాళ్లకి అనుకూలంగానే చేశాడు. ఒకదాని మీద ఒక గీత, రెండోదాని మీద రెండు, చీలినదాని మీద మూడు గీశాను. మొదలు ఉమ్మడి. పలక ఉమ్మడి. కాకిగూడు ఏ కొమ్మ మీదుంటే ఆ వాటాదారుడిది. పెద్దవాడికి జ్యేష్ఠభాగం కింద తూర్పు కొమ్మ ఇవ్వాలని జయకృష్ణ, చట్టంలో జ్యేష్ఠభాగం లేదని భావనారాయణ వాదించుకున్నారు. పెద్దమనిషి చీటీలు వేద్దామన్నాడు. చీటీ బయటివాళ్లు తియ్యాలి. కోటేశ్వరమ్మని తియ్యమన్నారు. ఆమె చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కళ్లు మూసుకుని తీసింది.

మూడు గీతల కొమ్మ శివకి వచ్చింది.

శివ పైకి చూశాడు. మెడ నొప్పెట్టేదాకా చూశాడు.

"పొలం పంచినప్పుడు నాకు చౌడు. ఇల్లు పంచినప్పుడు నాకు వర్షం కారే వసారా. ఇప్పుడు అమ్మని పంచితే పుచ్చు కొమ్మ," అన్నాడు. "నేను సంతకం పెట్టనండి. పెడితే ఈ వాటాకి ఒప్పుకున్నట్టే."

చీటీ తీసినాక మళ్లీ తియ్యడం ఉండదని అన్నలిద్దరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. వాళ్లు ఒక్కమాట మీద నిలబడటం ఊళ్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. శివ ఆటో ఎక్కి స్టేషనుకి పోయాడు. పెద్దమనిషి ఇంకో రెండు ఇడ్లీ తిని వెళ్లాడు.

అన్నలిద్దరూ తమ కొమ్మల వరకూ సంతకం పెట్టి వెళ్లారు. వాళ్ల కొమ్మలు ఎవరూ నరకమనలేదు.

ఆ రాత్రి గాలి లేచింది. కోటేశ్వరమ్మ మంచం పక్కనే కూర్చుందట. కొమ్మ కిర్రుమన్నప్పుడల్లా లక్ష్మయ్య మీదికి వంగేదట. ఆమె వీపెంత, కొమ్మెంత. నువ్వు అవతలికి పోవే, ఇద్దరం పోతే హోటలెవరు చూస్తారు అని లక్ష్మయ్య తిట్టాడట. పొద్దున ఆమే నాతో చెప్పింది. చెప్తూ పిండి రుబ్బుతోంది. చెయ్యి ఆగలేదు.

మధ్యాహ్నం రైలుకి రేపల్లె వెళ్లాం. శివ కొట్లో అంతా తవుడు దుమ్ము. మనిషి చెడ్డవాడు కాదు. కోటేశ్వరమ్మ చెప్పిందంతా విన్నాడు. లక్ష్మయ్య అన్న నన్ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిరునాళ్లకి తీసుకెళ్లాడు అని కూడా అన్నాడు. కానీ న్యాయం న్యాయమే. వాటా మార్చి పంచితే ఆ నిమిషమే సంతకం పెడతానన్నాడు. ఈ చీటీకి తలొగ్గితే తన పిల్లలు రేపు మొహాన ఉమ్మేస్తారన్నాడు.

కోటేశ్వరమ్మ నా వైపు చూసింది. లేచి తువ్వాలు దులుపుకున్నాను.

"వాటా ఇష్టమైనా కాకపోయినా చీటీ మీదేనండి. ఊరంతా చూసింది," అన్నాను. "కొమ్మ పడితే కింద మనిషి కూడా మీ వాటాలోకే వస్తాడు."

శివ తవుడు తూస్తున్న కాటా ఆపాడు.

"అంటే?"

"అంటే పోలీసులు రేపల్లె వస్తారు. తెనాలి పోరు, బాపట్ల పోరు."

శివ గల్లాపెట్టె లోంచి తెల్ల కాగితం తీశాడు. సదరు మూడు గీతల కొమ్మతో తనకి గానీ తన వారసులకి గానీ ఎటువంటి సంబంధమూ లేదని, ఆ కొమ్మ న్యాయంగా అన్నలకే చెందుతుందని రాశాడు. కింద సంతకం, తేదీ, ఫోన్ నంబరు వేశాడు. రాస్తుంటే చెమట కాగితం మీద పడింది. మాకు టీ తెప్పించాడు.

నరకమని రాయలేదు కదా అన్నయ్యా, అని రైల్లో కోటేశ్వరమ్మ అడిగింది. రాయలేదు. తనది కాదని రాశాడు. ఒకందుకు అదే నయమనిపించింది. మర్నాడు ఆ కాగితం పట్టుకుని బాపట్ల బస్సెక్కాం.

భావనారాయణ కళ్లద్దాలు తుడుచుకుని తమ్ముడి కాగితం మూడుసార్లు చదివాడు. అన్నలకే చెందుతుంది అన్న దగ్గర ఎర్ర పెన్నుతో గీత గీశాడు. పోలీసుల మాట నేను ఎత్తకముందే ఆయనకి తోచింది. చదువుకున్నవాళ్లతో ఆ సుఖం ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు పేజీలు రాశాడు. సారాంశం ఏంటంటే, ఆ కొమ్మ తల్లిగారు పోయిన తర్వాత మొలిచింది కాబట్టి స్మృతి కిందికి రాదు. ఆవిడ పోయి ఐదేళ్లు. కొమ్మకి నా వయసు ఉంటుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే తెనాలి. జయకృష్ణ కొట్టు కట్టేసే వేళ. తమ్ముళ్లు రాసిన రెండు కాగితాలూ చూశాడు. చిన్నవాడు పెద్దాడి మీదికి నెడతాడని తనకి ముందే తెలుసన్నాడు. ఈసారి కూల్‌డ్రింకు తెప్పించలేదు. కళ్లూ తుడుచుకోలేదు. బిల్లు పుస్తకం తిరగేసి వెనక వైపు ఒకే వాక్యం రాశాడు. అమ్మ చెట్టు వేరు, ఆ కొమ్మ వేరు అని. కింద కొట్టు ముద్ర కూడా వేశాడు.

మూడు కాగితాలూ పొద్దున్నే ప్రణీత్ బల్ల మీద పెట్టాం. అతను ఒక్కొక్కటే చదివాడు. పుస్తకం తీశాడు. మొదటి నుంచి చివరిదాకా తిప్పాడు. స్మృతివృక్షం మీద వారసులు లేని కొమ్మ ఉంటే ఏం చెయ్యాలో అందులో లేదు. పై అధికారికి ఫోన్ చేశాడు. చాలాసేపు సార్, సార్ అన్నాడు. ఫోన్ పెట్టేసి నవ్వు మొహంతో మా వైపు తిరిగాడు. వారసులు కాదన్న కొమ్మ మామూలు కొమ్మ కిందే లెక్కట.

కోటేశ్వరమ్మ లేచి నిలబడింది. కూర్చోమన్నాడు. మామూలు కొమ్మకి మామూలు పద్ధతి ఉంది. నాలుగు ఫొటోలు తియ్యాలి, కుడి, ఎడమ, ఎదురు, కింద నుంచి. తర్వాత చెట్టుకి నోటీసు అంటించి, అభ్యంతరాల కోసం పదిహేను రోజులు ఆగాలి.

ఆమె కుర్చీలో కూలబడింది. అరుస్తుందేమో అనుకున్నాను.

"ఫొటోలు ఇవాళ తీస్తావా బాబూ?" అని అడిగింది.

తీస్తానని మా వెంటే వచ్చాడు. ఆకాశం పడమటి వైపు నల్లగా ఉంది. ఫోన్‌తో కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, రోడ్డు అవతల నిలబడి ఎదురుగా ఒకటి తీశాడు. కింద నుంచి తీసేది మిగిలింది. కొమ్మ కింద హోటలు గది ఉంది. ఆమె తలుపు తెరిచి లోపలికి రమ్మంది.

గదిలో ఒక మంచం, ఒక స్టూలు. నడవడానికి జానెడు దారి. ఒక రేకు పగిలితే తీసేసి ఆ సందులో ప్లాస్టిక్ పట్టా కప్పారు. నేను పట్టా జరిపాను. కొమ్మ కనపడింది. ప్రణీత్ మంచం పక్కన ఒంటికాలి మీద నిలబడి ఫోన్ పైకెత్తాడు. అంతకన్నా చోటు లేదు.

"ఎవరే అది?" అన్నాడు లక్ష్మయ్య.

"ఆఫీసు బాబు. ఫొటో తియ్యడానికి వచ్చాడు."

"నాకా?"

"నీకు కాదు. కొమ్మకి."

లక్ష్మయ్య దుప్పటి సర్దుకుని, బాగా రావాలంటే ఇంకొంచెం ఇటు జరగమని ప్రణీత్‌కి చోటిచ్చాడు. ప్రణీత్ జరిగాడు. ఇప్పుడు సరిగ్గా చీలిక కింద ఉన్నాడు. అప్పుడే గాలి వచ్చింది. కొమ్మ కిర్రుమంది. పైనుంచి పొట్టు, చీమలు అతని మొహాన పడ్డాయి. రెండోసారి కిర్రుమన్నది ఇంకా లోపలి నుంచి వచ్చింది, ఎముక చప్పుడులాగా. ప్రణీత్ తలుపు వైపు కదిలాడు. తలుపులో కోటేశ్వరమ్మ నిలబడి ఉంది. అడ్డుకోలేదు, తప్పుకోనూ లేదు.

"పదిహేను రోజులు బాబూ," అంది. "రోజూ ఇట్లాగే ఉంటది. రాత్రి ఇంకొంచెం ఎక్కువ."

ప్రణీత్ లక్ష్మయ్యని చూశాడు. లక్ష్మయ్య అతని చొక్కా మీద చీమ ఉంటే చెయ్యి చాపి దులిపాడు. ప్రణీత్ సంచీ లోంచి ఫారం తీశాడు. పెట్టి రాయడానికి చోటు లేక మంచం పట్టె మీద పెట్టుకున్నాడు. నోటీసు, అభ్యంతరాలు అన్న గళ్లు కొట్టేసి, తక్షణం అని రాసి సంతకం పెట్టాడు. పట్టె ఇరుకు, సంతకం అతనిదిలాగా రాలేదు. కానీ పెట్టింది అతనే.

మా అల్లుడు జహీర్‌కి ఫోన్ చేసి మోకులు తెప్పించాను. ముందు లక్ష్మయ్యని బయటికి తేవాలి. మంచంతో సహా నలుగురం ఎత్తాం. నేను, జహీర్, టీ తాగడానికి వచ్చిన రిక్షా అతను, ప్రణీత్. గుమ్మంలో మంచం పట్టక ఏటవాలుగా తిప్పితే లక్ష్మయ్య పట్టె పట్టుకుని నవ్వాడు. రోడ్డు అవతల మూసి ఉన్న బట్టల కొట్టు అరుగు మీద దించాం.

గుల్ల కొమ్మని మొదట్లో కొట్టకూడదు. చివర నుంచి రావాలి. ముక్క ముక్కకీ మోకు కట్టి, మోకుని పై పంగలోంచి తిప్పి, కింద జహీర్ పట్టుకుంటే, ముందు కింద గాటు, తర్వాత పై వేటు. పదకొండు ముక్కలు చేసి దించాను. ఒక్క రేకు పగల్లేదు. మొదటి గాటు అయ్యేసరికే చినుకులు మొదలయ్యాయి. ఆఖరి ముక్క దించేసరికి గాలి అందుకుంది. చెట్టు తేలిగ్గా ఊగింది.

నేను దిగేలోపే ప్రణీత్ ఫోన్ మోగింది. జయకృష్ణ. కొమ్మ దిగుతోందని బజారులో ఎవరో చేరేసినట్టున్నారు. మా అమ్మ చెట్టు కట్టె ఎవరికి వెళ్తోందని అడిగాడట. అది పెట్టేలోపు భావనారాయణ. చివర్లో శివ. తను ఆ కొమ్మ వదులుకున్నది నిలబడి ఉన్నంతవరకేనని, దుంగ సంగతి వేరని అన్నాడట. ప్రణీత్ ముగ్గురికీ ఒకే జవాబు చెప్పాడు. మీ సంతకాలు నా దగ్గరున్నాయండి అని. ఫోన్ కట్టేసి జేబులో పెట్టుకుని దుంగ మీద కూర్చున్నాడు.

వాన పెద్దదవుతోంది. లోపలికి తెచ్చెయ్యండి అని కోటేశ్వరమ్మ రోడ్డు దాటి వచ్చింది. మేం మంచం కోళ్లు పట్టుకున్నాం.

"కాసేపుండు బావా," అన్నాడు లక్ష్మయ్య నాతో.

అరుగు మీద చూరు ఉంది, తడవటం లేదు. రైలు దిగినవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని బజారులో పరిగెడుతున్నారు. లక్ష్మయ్య ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. వీళ్లలో సగం మందిని తెలియదే, ఊరు ఎప్పుడు మారింది అన్నాడు. పోయినవాళ్లు పోయారు, పుట్టినవాళ్లు పుట్టారు, రెండేళ్లంటే తక్కువా అని ఆమె అంది. చలిగాలి తగులుతుంది, దగ్గొస్తుంది అని కసిరింది. అతను వినలేదు.

ఆమె మళ్లీ రోడ్డు దాటింది. హోటల్లోకి వెళ్లి దుప్పటి తెచ్చి కప్పింది. మంచం పక్కన అరుగు మీద కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపల్నుంచి ఎవరో కేకేశారు. పొంగనీ అంది.